ఆ బేస్ ఎవరిది? కాక్సన్ డాడ్ కట్టిన ఇల్లు, తేలని లెక్క

2005లో బార్బడోస్ నుంచి వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి తన మొదటి ఆల్బమ్‌లో ‘యూ డోంట్ లవ్ మీ’ అనే పాత పాట పాడింది. ఆ అమ్మాయి రిహానా. పాట ఆమెది కాదు. అంతకు పదకొండేళ్ల ముందు, 1994లో, డాన్ పెన్ అనే జమైకా గాయని గొంతులో అది బ్రిటన్ పాటల అమ్మకాల జాబితాలో మూడో స్థానం దాకా వెళ్లింది. డాన్ పెన్‌కు కూడా అది కొత్త పాట కాదు. 1967లో, ఇంకా చిన్న వయసులో ఉండగా, కింగ్‌స్టన్ నగరంలోని ఒక స్టూడియోలో ఆమే దాన్ని తొలిసారి పాడింది. పోనీ అదే మూలమా అంటే, అదీ కాదు. 1960లో అమెరికాలో విల్లీ కాబ్స్ అనే బ్లూస్ గాయకుడు రికార్డు చేసిన పాట దానికి ఆధారం. ఆ పాట మీద కూడా అంతకు ముందటి బో డిడ్లీ పాట నీడ కనిపిస్తుంది.

ఇంతకీ పాట ఎవరిది? మాటలు రాసినవాడిదా, పాడిన ఆమెదా, వెనక మంద్ర స్వరాల బేస్ గిటారు మీటినవాడిదా, లేక ఆ రోజు టేపు తిప్పిన స్టూడియో యజమానిదా? జమైకాలో పుట్టిన రెగే సంగీతంలో ఏ దారం పట్టుకుని లాగినా ఈ ప్రశ్న దగ్గరికే వస్తాం. లాగుతూ పోతే దారం రెండో కొస చాలాసార్లు ఒకే చిరునామాలో తేలుతుంది: 13, బ్రెంట్‌ఫర్డ్ రోడ్, కింగ్‌స్టన్. అదే స్టూడియో వన్. దాని యజమాని క్లెమెంట్ సేమూర్ డాడ్, లోకం పిలిచిన పేరు ‘కాక్సన్’.

ఈయన గురించి చదవబోతే రెండు రకాల రాతలు ఎదురవుతాయి. ఒకటి ఆయనే లేకపోతే రెగే లేదంటుంది. రెండోది పేద కళాకారుల చెమటను మూట కట్టుకున్నాడంటుంది. చాలా కాలం నేను ఈ రెండింటి మధ్య ఎటు మొగ్గాలో తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు నాకు అర్థమైనది ఇది: ఆయన మొదలుపెట్టిన వ్యాపారం ఒకటి, చివరికి ఆయన చేతిలో మిగిలిన ఆస్తి ఇంకొకటి. మొదటి వ్యాపారానికి తగిన కూలి లెక్కే రెండో ఆస్తికీ అమలైంది. తగాదా అంతా అక్కడుంది. అది తెలియాలంటే స్టూడియో కంటే ముందున్న రోజులకు వెళ్లాలి.

డాడ్ 1932లో కింగ్‌స్టన్‌లో పుట్టాడు. బడిలో క్రికెట్ బాగా ఆడేవాడు. ఆ రోజుల్లో యార్క్‌షైర్ జట్టులో అలెక్ కాక్సన్ అనే బౌలర్ ఉండేవాడు. ఇంగ్లండ్ తరఫున ఆయన ఆడినది ఒకే ఒక్క టెస్టు, 1948లో లార్డ్స్ మైదానంలో. ఆ ఒక్క టెస్టు బౌలర్ పేరు వేల మైళ్ల అవతల ఒక జమైకా కుర్రాడికి అతుక్కుని, సంగీత చరిత్రలో నిలిచిపోయింది. క్రికెట్ పిచ్చి ఉన్న మనకు ఇలాంటి వివరం ముద్దొస్తుంది.

తల్లి డోరిస్ డార్లింగ్టన్‌కు మద్యం, సరుకులు అమ్మే దుకాణం ఉండేది. కొనడానికి వచ్చినవాళ్ల కోసం కొడుకు అక్కడ రికార్డులు వేసేవాడు. తర్వాత చెరకు కోతకు కూలీగా అమెరికా దక్షిణ రాష్ట్రాలకు వెళ్లాడు. అక్కడ నల్లజాతి వాడల్లో మోగుతున్న రిథమ్ అండ్ బ్లూస్ చెవిన పడింది. సంపాదించిన డబ్బుతో రికార్డులూ, ఆంప్లిఫయర్, స్పీకర్లకు కావలసిన సామగ్రీ కొనుక్కుని తిరిగొచ్చాడు. 1954లో ‘సర్ కాక్సన్స్ డౌన్‌బీట్’ పేరుతో సౌండ్ సిస్టమ్ మొదలైంది.

సౌండ్ సిస్టమ్ అంటే మన ఊళ్లలో పెళ్లికో జాతరకో తెచ్చే మైకుసెట్టు లాంటిదే. అయితే మైకుసెట్టు వేడుకకు తోడుగా వస్తుంది, కింగ్‌స్టన్‌లో సౌండ్ సిస్టమే వేడుక. మనిషెత్తు చెక్క స్పీకర్ పెట్టెలను ఒక ఖాళీ స్థలంలో పేర్చి, చుట్టూ కంచె కట్టి, ద్వారం దగ్గర టికెట్టు పెట్టి, లోపల మద్యం అమ్మేవారు. పేదవాడలకు రేడియో కొనే స్తోమత లేదు. హోటళ్లలో వాయించే బ్యాండ్లు పర్యాటకుల కోసం. కాబట్టి శనివారం రాత్రి పాట వినాలన్నా, ఆడాలన్నా, నలుగురిలో కనబడాలన్నా అక్కడికే వెళ్లాలి. రికార్డు ఎంచి వేసేవాణ్ని సెలెక్టర్ అనేవారు. మైకు పట్టుకుని జనాన్ని ఊపే మాటగాడు డీజే. మన దగ్గర ఇప్పుడు ఆ మాటకున్న అర్థం వేరు. డాడ్ దగ్గర కౌంట్ మచూకీ, కింగ్ స్టిట్ వంటి పేరున్న డీజేలు పనిచేశారు.

ఈ వ్యాపారంలో గెలుపు ఒక్కదాని మీదే ఆధారపడేది: పక్కవాడి దగ్గర లేని రికార్డు నా దగ్గర ఉండాలి. డాడ్‌కు పెద్ద పోటీదారు డ్యూక్ రీడ్. మాజీ పోలీసు, మద్యం దుకాణం యజమాని, ‘ట్రోజన్’ అనే సౌండ్ సిస్టమ్ నడిపేవాడు. ఎవరికి మంచి రికార్డు దొరికినా మొదట చేసే పని దాని మధ్యలో ఉండే కాగితాన్ని గీకేయడం. పాట పేరు, గాయకుడి పేరు, కంపెనీ పేరు గోటితోనో బ్లేడుతోనో చెరిపేస్తే అది ఎక్కడిదో ఎవరూ కనిపెట్టలేరు. ఆ నల్లటి పళ్లేన్ని ఒక్క క్షణం కళ్ల ముందు నిలుపుకోండి. గాట్లు పదిలంగా ఉన్నాయి, పాట పదిలంగా ఉంది, మధ్యలో పేరుండాల్సిన చోట మాత్రం తెల్లటి గీరలు. ముందు ముందు వచ్చే తగాదాలన్నిటికీ బొమ్మ గీయమంటే నేను ఆ గీరలనే గీస్తాను.

అలా గీకిన వాటిలో ఒకటి అమెరికా శాక్సఫోన్ కళాకారుడు విల్లీస్ జాక్సన్ వాయించిన ‘లేటర్ ఫర్ గేటర్’. డాడ్ దానికి ‘కాక్సన్ హాప్’ అని పేరు పెట్టి తన సొంత గుర్తుగా వాడుకున్నాడు. డ్యూక్ రీడ్ దాని అసలు పేరు కోసం ఏళ్ల తరబడి వెతికి, చివరికి సంపాదించి, డాడ్ ఉన్న చోటే ఒక రాత్రి మోగించాడు. అప్పట్లో డాడ్ పక్కన ఉన్న ప్రిన్స్ బస్టర్ తర్వాతి కాలంలో చెప్పినదాన్ని బట్టి, డాడ్ చేతిలో గ్లాసు జారిపోయింది, మనిషి అక్కడే కుప్పకూలినంత పనైంది. ఎక్కడో ఎవరో వాయించిన రికార్డు బయటపడినందుకు ఒక మనిషికి అంత దెబ్బ ఎందుకు తగిలింది? ఎందుకంటే అతని దృష్టిలో పాట విలువ దాన్ని చేసినవాడిలో లేదు, ఇంకెవరి దగ్గరా లేకపోవడంలో ఉంది.

1950ల చివరికి ఈ లెక్క తప్పింది. అమెరికాలో రిథమ్ అండ్ బ్లూస్ జోరు తగ్గి రాక్ అండ్ రోల్ వచ్చింది. కింగ్‌స్టన్ జనానికి కావలసిన రకం రికార్డులు దొరకడం కష్టమైంది. అప్పుడు సౌండ్ సిస్టమ్ యజమానులకు తోచింది: బయట దొరకనప్పుడు ఇక్కడే చేయించుకుందాం. కెన్ ఖూరీ నడిపే ఫెడరల్ స్టూడియోను గంటల లెక్కన అద్దెకు తీసుకుని, స్థానిక గాయకులతో, హోటల్ బ్యాండ్లలో వాయించే జాజ్ విద్వాంసులతో పాటలు చేయించారు. మొదట్లో అవి అమ్మకానికి కాదు. ఒక్క మెత్తటి పళ్లెం మీద ఒక్క కాపీ కోయించి, శనివారం రాత్రి మోగించడానికి. జనం ఊగితే మళ్లీ మళ్లీ వేసేవారు, ఊగకపోతే మూలన పడేసేవారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. అప్పట్లో రికార్డింగ్ అంటే గాయకుడికి పూటకూలి పని. వచ్చి పాడు, డబ్బు తీసుకో, వెళ్లు. ఆ పళ్లెం నాలుగు వారాలు మోగి అరిగిపోతుంది. ఆ లోకంలో ఒక్కసారి ఇచ్చే డబ్బు అన్యాయంగా కనిపించలేదు. పందిరి వేసినవాడికి పందిరి కూలి ఇచ్చినట్టే. ఆ పందిరి యాభై ఏళ్లు నిలబడుతుందని, దాని కింద ఊరూరి పెళ్లిళ్లు జరుగుతాయని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. తర్వాత ఆ రికార్డులనే దుకాణాల్లో అమ్మితే జనం ఎగబడి కొంటున్నారని తెలిసింది. థియోఫిలస్ బెక్‌ఫర్డ్ పియానో వాయిస్తూ పాడిన ‘ఈజీ స్నాపిన్’ డాడ్‌కు ఆ దారి చూపిన తొలి విజయాల్లో ఒకటి. వ్యాపారం మారింది. కూలి పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది.

1962 ఆగస్టు 6న జమైకాకు స్వాతంత్ర్యం వచ్చింది. మరుసటి ఏడాది డాడ్ బ్రెంట్‌ఫర్డ్ రోడ్డులో అంతకు ముందు నైట్‌క్లబ్ నడిచిన కట్టడాన్ని తీసుకుని సొంత స్టూడియో తెరిచాడు. జమైకాలో ఒక నల్లజాతీయుడి సొంతమైన మొదటి రికార్డింగ్ స్టూడియో ఇదేనంటారు. అద్దె గంటలు లెక్కపెట్టుకునే అవసరం లేకపోవడం వల్ల ఎంత మేలు జరిగిందో చెప్పడం కష్టం. గంటకు డబ్బు కట్టేచోట తెలిసిన పాటే వాయిస్తారు. సొంత ఇంట్లో తప్పులు చేయవచ్చు, వెతకవచ్చు, వాయించినదాన్నే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిప్పి తిప్పి వాయించవచ్చు. వేగంగా గెంతించే స్కా నుంచి నడక నెమ్మదించిన రాక్‌స్టెడీకి, అక్కడి నుంచి రెగేకు జమైకా సంగీతం ఐదారేళ్లలో నడవగలిగిందంటే అలాంటి గది ఒకటి ఉండటం దానికి పెద్ద కారణమని నా నమ్మకం.

ఆ గదిలో వాయించినవారు ఎవరు? ఇక్కడ ఇంకొక సంస్థను తలచుకోవాలి. కింగ్‌స్టన్‌లో కేథలిక్ సన్యాసినులు నడిపిన ఆల్ఫా బాలుర పాఠశాల. అనాథలకు, దారి తప్పిన పిల్లలకు అక్కడ చేతిపనులతో పాటు బ్యాండు వాయిద్యాలూ నేర్పేవారు. సిస్టర్ ఇగ్నేషియస్ అనే సన్యాసినికి సంగీతమంటే ప్రాణం. ట్రాంబోన్ విద్వాంసుడు డాన్ డ్రమండ్, శాక్సఫోన్ వాయించే టామీ మెకుక్, లెస్టర్ స్టెర్లింగ్, ట్రంపెట్ వాయించే జానీ మూర్, అందరూ ఆ బడి పిల్లలే. 1964లో వీళ్లూ, రోలాండ్ అల్ఫాన్సో, డ్రమ్ములు వాయించే లాయిడ్ నిబ్, బేస్ వాయించే లాయిడ్ బ్రెవెట్, ఇంకా కొందరూ కలిసి ‘స్కాటలైట్స్’ అయ్యారు. పియానో ముందు కూర్చున్న జాకీ మిట్టూకు అప్పటికి పదహారేళ్లు. బ్యాండు ఏడాదికి కాస్త పైగా మాత్రమే నిలిచింది. 1965 జనవరి 1న డాన్ డ్రమండ్ తన ప్రియురాలు, నాట్యకారిణి మార్గరీటాను హత్య చేశాడు. మిగిలిన జీవితం మానసిక చికిత్సాలయంలోనే గడిచి, 1969లో అక్కడే పోయాడు. అంత గొప్ప సంగీతం పక్కనే అంత దారుణం ఉందని గుర్తుపెట్టుకోవాలి. ఆమె పేరూ గుర్తుపెట్టుకోవాలి.

ఆదివారాలు స్టూడియో ముంగిట్లో కుర్రాళ్లు బారులు తీరేవారు. అది పాటల పరీక్ష రోజు. నచ్చినవాణ్ని లోపలికి పిలిచేవారు. డెల్రాయ్ విల్సన్, కెన్ బూత్, ఆల్టన్ ఎల్లిస్, హెప్టోన్స్, మార్షియా గ్రిఫిత్స్, బర్నింగ్ స్పియర్, హోరెస్ ఆండీ: ఈ పేర్లలో చాలా వాటికి తొలి గుర్తింపు ఆ గుమ్మం దాటాకే వచ్చింది. 1963 చివర్లో కింగ్‌స్టన్‌లోని పేదవాడ ట్రెంచ్‌టౌన్ నుంచి వచ్చిన ఒక కుర్రాళ్ల జట్టు కూడా ఉంది. వాళ్లు ‘సిమర్ డౌన్’ అనే పాట చేశారు. వీధి గొడవల్లో మునిగిన కుర్రకారుకు కోపం తగ్గించుకోండని చెప్పే పాట. 1964 మొదట్లో అది జమైకాలో మొదటి స్థానానికి చేరింది. ఆ జట్టు వైలర్స్, ముందు నిలబడి పాడిన కుర్రాడు బాబ్ మార్లే. ఉండటానికి చోటు లేకపోతే డాడ్ అతనికి స్టూడియో వెనక గది ఇచ్చాడు. అమెరికా పాటల రికార్డులు వినిపించాడు, జట్టుకు మంచి బట్టలు కొనిచ్చాడు. రెండేళ్లు గడిచేసరికి, 1966లో, డబ్బు సరిగా ఇవ్వడం లేదన్న బాధతో వైలర్స్ ఆ ఇల్లు విడిచి సొంత రికార్డు సంస్థ పెట్టుకున్నారు. ఆదరణ నిజమే, ఆ బాధా నిజమే. ఒకటి ఒప్పుకోవడానికి ఇంకొకటి కాదనాల్సిన పని లేదు.

ఇక ఈ కథలో ముఖ్యమైన సాంకేతిక మలుపు. మొదట్లో స్టూడియో వన్‌లో ఉన్నది ఒకే ట్రాకు యంత్రం. అంటే గాయకుడూ వాద్యకారులూ ఒకేసారి పాడి వాయించాలి, అంతా ఒకే పొరగా టేపు మీదకు ఎక్కుతుంది. చివరి చరణంలో ఎవరైనా తడబడితే మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. 1960ల మధ్యలో రెండు ట్రాకుల యంత్రం వచ్చింది. వాద్యాలు ఒక పొర, గొంతు ఇంకొక పొర. వినడానికి ఇది చిన్న సౌకర్యం. కానీ ఆ రోజు నుంచి పాటకూ, పాట కింద నడిచే వాద్యానికీ విడాకులు కుదిరాయి. గొంతు తీసేసినా కింద వాద్యం చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని మీద రేపు ఇంకొకరు పాడవచ్చు, పదేళ్ల తర్వాత మరొకరు పాడవచ్చు.

ఆ కింద వాద్యాన్నే జమైకావాళ్లు రిడిమ్ అంటారు. ఇది బాణీ కాదు. బాణీ గాయకుడు పాడే వరస. రిడిమ్ అంటే ప్రధానంగా బేస్ గిటారు నడక, డ్రమ్ముల పట్టు, వాటి మీద గిటారూ ఆర్గనూ వేసే కోతలు. మన భజన బృందాలు సినిమా బాణీ తీసుకుని దేవుడి మాటలు వేసుకుంటాయి: వరస పాతది, మాటలు కొత్తవి. జమైకాలో మాటలూ కొత్తవే, వరసా కొత్తదే, కింద నేల మాత్రం పాతది. అందుకే రిడిమ్‌లకు పేర్లుంటాయి, వయసుంటుంది, వంశవృక్షం ఉంటుంది.

‘రియల్ రాక్’ సంగతి చూడండి. 1960ల చివర్లో స్టూడియో వన్ ఆస్థాన బృందం ‘సౌండ్ డైమెన్షన్’ వాయించిన ముక్క అది. ఆర్గన్ మీద జాకీ మిట్టూ, ట్రాంబోన్ మీద ఆల్ఫా బడి నుంచే వచ్చిన విన్ గోర్డన్. మొదట బేస్ వినండి. నాలుగైదు స్వరాలు, మధ్యలో ఒక ఖాళీ, మళ్లీ అవే స్వరాలు. ఆ ఖాళీలోనే దాని బలమంతా ఉంది. వాయించినవాడు అక్కడ ఏదో ఒకటి నింపాలని తొందరపడలేదు. ట్రాంబోన్ నిద్రమత్తులో ఉన్నట్టు వచ్చి రెండు ముక్కలు చెప్పి పోతుంది. సుమారు పదేళ్ల తర్వాత విల్లీ విలియమ్స్ ఆ రిడిమ్ మీదే ‘ఆర్మగిడియన్ టైమ్’ పాడాడు. 1979 డిసెంబరులో లండన్ పంక్ బృందం ‘ద క్లాష్’ ఆ పాటను తమ ‘లండన్ కాలింగ్’ సింగిల్ రెండో వైపు వేసుకుంది. ఆ తర్వాత దాని మీద పాడినవాళ్లను లెక్కపెట్టడమే కష్టం, వందల్లో ఉంటారు.

బృందం పేరు వెనకా ఒక చిన్న కథ ఉంది. డాడ్ ఇంగ్లండ్ నుంచి ఒక ప్రతిధ్వని యంత్రం కొనితెచ్చాడు. దాని పేరు సౌండిమెన్షన్. గిటారు వాయించేవాడు తాళం దెబ్బకూ దెబ్బకూ నడుమ ఒక్క కోత కోస్తే, ఆ యంత్రం దాన్ని వెంటనే మళ్లీ పలికించేది. ‘చెక్’ అన్నది ‘చెక-చెక్’ అయ్యేది. 1968లో వచ్చిన లారీ మార్షల్, ఆల్విన్ జంట పాట ‘నానీ గోట్’ లో ఆ గిలగిల వినబడుతుంది. రెగేకు అదే మొదటి పాట అని వాదించేవారు ఎందరో. మొదటిది ఏదని తేల్చే ఆ వాదంలోకి నేను దిగను. కొత్త యంత్రం చేసిన శబ్దం ఒక దేశపు తాళాన్ని మార్చడంలో చేయి కలిపిందన్నది మాత్రం నన్ను ఎప్పుడూ వదలదు. ఇంజనీర్ సిల్వాన్ మోరిస్ ఆ గదిలో బేస్‌కు తెచ్చిన గుండ్రటి బరువును కూడా ఇక్కడే చెప్పాలి. స్టూడియో వన్ రికార్డును కళ్లు మూసుకుని గుర్తుపట్టేది దాని వల్లే.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. జమైకాలో 1993 దాకా నడిచినది బ్రిటిష్ వలస పాలన నాటి 1911 కాపీరైట్ చట్టం. ఆ చట్టం ప్రకారం, రికార్డు తయారైనప్పుడు దాని మూల పళ్లెం ఎవరిదో వారే ఆ రికార్డుకు కర్త. పాడినవాడు కాదు, వాయించినవాడు కాదు, పళ్లెం ఉన్నవాడు. అంటే రికార్డు మీద హక్కు మొదటి క్షణం నుంచే డాడ్‌ది. పాట రాసినవాడికి రచన మీద వేరే హక్కు ఉంటుంది. కానీ లేబుల్ మీద రచయితగా ఎవరి పేరు అచ్చువేయాలో నిర్ణయించేదీ ఆ పళ్లెం యజమానే. స్టూడియో వన్ లేబుళ్ల మీద గాయకుడి పేరు పక్కనో, ఒక్కోసారి దాని బదులో, ‘సి. డాడ్’ అని రచయిత స్థానంలో కనిపిస్తుంది. ఇక బేస్ నడక కనిపెట్టినవాడికి? అతనికి చట్టంలో చోటే లేదు. పాటంటే మాటలూ వరసా అని చట్టం అనుకుంది. జమైకాలో పాటంటే ముందు బేస్.

హెప్టోన్స్ గాయకుడు లెరాయ్ సిబుల్స్ దీనికి నిలువెత్తు ఉదాహరణ. పాడటమే కాదు, స్టూడియో వన్‌లో బేస్ వాయించాడు, కొత్తవాళ్ల పాటలు దిద్దాడు. ఆ కాలపు ‘ఫుల్ అప్’ అనే రిడిమ్ మీద 1980ల మొదట్లో మైటీ డైమండ్స్ బృందం ‘పాస్ ద కూచీ’ పాడింది. కూచీ అంటే గంజాయి పీల్చే గొట్టపు గిన్నె. గంజా అనే మాటే జమైకాకు మన దేశం నుంచి వెళ్లిన చెరకుతోట కూలీలతో చేరింది. 1982లో బర్మింగ్‌హామ్ పిల్లల బృందం మ్యూజికల్ యూత్ ఆ గిన్నెను వంటగిన్నెగా మార్చి ‘పాస్ ద డచీ’ అని పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. పిల్లల పాటగా ప్రపంచమంతా విన్న దాని కింద నడిచేది, పద్నాలుగేళ్ల క్రితం బ్రెంట్‌ఫర్డ్ రోడ్డులో కూలికి వాయించిన బేస్.

కథ ఇక్కడే అడ్డం తిరుగుతుంది. 1970ల మధ్యలో మాక్స్‌ఫీల్డ్ అవెన్యూలో హూకిమ్ సోదరుల స్టూడియో ‘ఛానల్ వన్’ వెలిగింది. అక్కడ డ్రమ్ములు వాయించే స్లై డన్‌బార్, అతని జట్టు స్టూడియో వన్ పాత రిడిమ్‌లనే ఎంచుకుని, గట్టి డ్రమ్ములతో మళ్లీ వాయించి, కొత్త గాయకులతో పాడించారు. టేపు కొత్తది, పళ్లెం కొత్తది. కాబట్టి చట్టం ప్రకారం కర్త కొత్త యజమానే. డాడ్‌కు పైసా రాదు. జో గిబ్స్ అనే మరో నిర్మాత చేసిన పనీ అదే. ఆల్టన్ ఎల్లిస్ 1967లో స్టూడియో వన్‌లో పాడిన ‘ఐయామ్ స్టిల్ ఇన్ లవ్’ రిడిమ్‌ను మళ్లీ వాయించిన రూపం మీద ఆల్తియా, డోనా అనే ఇద్దరు కింగ్‌స్టన్ అమ్మాయిలు ‘అప్‌టౌన్ టాప్ ర్యాంకింగ్’ పాడారు. 1978 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో అది మొదటి స్థానంలో నిలిచింది. బేస్ కనిపెట్టినవాడికి హక్కు లేదన్న ఏ ఖాళీ మీద డాడ్ ఇల్లు నిలబడిందో, ఆ ఖాళీలోంచే ఇతరులు ఆయన ఇంట్లోకి నడిచి వచ్చారు. డాడ్ దీన్ని చివరిదాకా అన్యాయంగానే భావించాడు. ఆ బాధ అర్థమవుతుంది. అదే బాధ అంతకు పదేళ్ల ముందు ఆయన గదిలో వాయించినవాళ్లదీ అని నాకు అనిపించకుండా ఉండదు.

ఆయన ఇచ్చిన జవాబు మాత్రం సంగీతంతోనే ఇచ్చాడు. సుగర్ మైనాట్ అనే యువకుడు వచ్చి, కొత్త వాద్యం అక్కర్లేదు, మీ పాత టేపుల మీదే పాడతానన్నాడు. ఒకప్పుడు ఇతరులు పాడిన రిడిమ్‌ల మీద తన వరసలు అల్లుకుంటూ 1970ల చివర్లో ‘లివ్ లవింగ్’ ఆల్బమ్ చేశాడు. సిద్ధంగా ఉన్న రిడిమ్ మీద పాడే, 1980లలో వచ్చిన డాన్స్‌హాల్ పద్ధతికి ఇదొక మూలస్తంభం. పాత పందిరి కిందే కొత్త పెళ్లి.

లెక్క తేల్చమంటే నేనెటు? డాడ్ ఊరికే డబ్బు పెట్టినవాడు కాదు. వాయించడం రాకపోయినా వినడం వచ్చినవాడు. ఎవరిని ఎవరితో కలపాలో, ఏ ముక్క ఆడుతుందో వేల రాత్రుల సౌండ్ సిస్టమ్ అనుభవంతో తెలిసినవాడు. సొంత వాయిద్యం లేని విద్వాంసులకు వాయిద్యం, వారం జీతం, తలుపు తెరిచి ఉంచిన గది ఇచ్చాడు. ఆ గది లేకపోతే ఈ సంగీతం ఇలా పుట్టేది కాదు. ఇదంతా ఒప్పుకుంటూనే చెప్పాలి: రికార్డులు లండన్‌లో, న్యూయార్క్‌లో మళ్లీ మళ్లీ అచ్చవుతున్నాయని తెలిసిన రోజునైనా పాత పూటకూలి లెక్క చింపేసి కొత్త లెక్క రాయాల్సింది. చట్టం అడగలేదు కాబట్టి రాయలేదు. చట్టం అడగకపోవడం వాయించినవాళ్ల తప్పు కాదు.

1980లలో కింగ్‌స్టన్‌లో హింస పెరిగాక డాడ్ తన వ్యాపారాన్ని చాలావరకు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు మార్చాడు. ఫుల్టన్ వీధిలో రికార్డుల దుకాణం, వెనకే స్టూడియో. అమెరికాలో హార్ట్‌బీట్, తర్వాత లండన్‌లో సోల్ జాజ్ సంస్థలు పాత టేపులను కొత్త తరానికి అందించాయి. 1993లో జమైకా కొత్త కాపీరైట్ చట్టం చేసింది, ప్రదర్శించే కళాకారులకూ హక్కులు దక్కాయి. జాకీ మిట్టూ అప్పటికి లేడు. స్టూడియో వన్ రిడిమ్‌లలో ఎన్నింటికో ప్రాణం పోసిన ఆ మనిషి 1990లో కెనడాలో, నలభై రెండేళ్లకే, క్యాన్సర్‌తో పోయాడు.

డాడ్ చివరి ఏళ్లలో మళ్లీ కింగ్‌స్టన్ స్టూడియోలో పని మొదలుపెట్టాడు. 2004 మే 4న అక్కడే పనిలో ఉండగా గుండెపోటుతో మరణించాడు. అంతకు కొద్ది రోజుల ముందే బ్రెంట్‌ఫర్డ్ రోడ్డుకు పేరు మార్చే సభ జరిగింది, దాన్ని ఆయన కళ్లారా చూశాడు. వీధి పలక మీద రాసిన కొత్త పేరు డాడ్‌ది కాదు, మిట్టూది కాదు, మార్లేది కాదు. స్టూడియో వన్ బులెవార్డ్ అని రాశారు.